డొంకదారులలో దేశచరిత్ర

దేశచరిత్ర యనగానే మనకు రాజధానులును, కోటలును, యుద్ధములును మొదట తోచును. అవి చాలవఱకు పెద్దబాటల ప్రక్కనే యున్నవి. గోలకొండకును ఓరుగల్లునకును పోవువారికి బండ్లున్నవి, బసలున్నవి, వెంటనుండి చూపించి చెప్పువారున్నారు. కాని తెలుగుసీమలో సామాన్యజనులు తమ పేళ్లు తాము చెక్కించుకొన్న ఱాళ్లును, పరదేశవర్తకులతో మన రాజులు చేసికొన్న కట్టుబాట్లును, ఊళ్లు పుట్టి పెరిగి పాడైన గుర్తులును పెక్కులు కాలువగట్ల వెంబడిని, డొంకలలోను, గుళ్ల వెనుకటి తుమ్మచెట్ల క్రిందను పడియున్నవి. వానిని చూడదలచిన వారికి మోటారుసైకిలును మించిన వాహనము లేదు. డొంక కారు పట్టునంత వెడల్పుండదు. బస్సు పెద్దవీధిలో దింపి తన దారిని తాను పోవును. కాలినడకను బోయినచో నొక దినమునకు రెండూళ్లు గడచుట కష్టము. గుంటూరునకు తూర్పునను దక్షిణమునను సముద్రమువఱకు గల పల్లపుసీమలో నిట్లు తిరిగి చూచిన మూడు నాలుగు స్థలములను గూర్చి యిందు వ్రాయుచున్నాను.

ఊరూర తిరిగి చరిత్ర నడుగుట క్రొత్తపని కాదు. కాలిన్ మెకంజీ దొరయొద్ద పనిచేసిన ఏలూరి కావలి సోదరులు నూటయిరువదియేండ్లు గాదు, రెండువందల యేండ్ల క్రిందటనే యీ పని చేసిరి. వెంకటబొఱ్ఱయ్య ముప్పదియేండ్లు నిండకయే 1803లో గతించెను. తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని విడువక, గుమాస్తాలను గ్రామములకు పంపి, కరణములచేత చెప్పించి వ్రాయించెను. అట్లు వచ్చినవే కైఫీయతులు. ఊరెవరు కట్టించిరి, ఏ దొరతనములో నెవరి స్వాధీనమున నుండెను, ఏ దేవునికెంత మాన్యము, చెఱువెవరు త్రవ్వించిరి అను సంగతులు వానిలో నున్నవి. ఇప్పటికిని ఒక యూరికి బయలుదేరుటకు ముందు దాని కైఫీయతును చదివి పోవువానికి సగము కన్నులు తెఱచుకొన్నట్లే.

అయినను కైఫీయతు కరణము నోట వచ్చిన చరిత్ర యని మఱవరాదు. మాన్యము గలవాడందు కనబడును, లేనివాడు కనబడడు. మాలపల్లెకును మాదిగపల్లెకును అందు చోటు మిక్కిలి తక్కువ. స్త్రీల కంతకన్నను తక్కువ. రాణియో, సతియో, వేశ్యయో యైనగాని కైఫీయతులో నాడుదాని పేరెక్కుట యరుదు. ఈ లోపమును పూరించునవి వానికంటె రెండువేల యేండ్లు పాతవైన బౌద్ధశాసనములగుట వింతగా తోచును. దానిని భట్టిప్రోలు దగ్గఱ చెప్పెదను.

ముందు దారి సంగతి. పల్లపుసీమలో తిరుగుటకు సంక్రాంతి దాటిన పిమ్మటి రెండు మాసములు మంచివి. వానకాలములో రేగడిమన్ను చక్రమునకు పట్టి, మడ్గార్డులో నిండి, బండి కదలనే కదలదు. పుల్లతో గీకుచు కూర్చుండవలసి వచ్చును. మాఘఫాల్గుణములలో నేల గట్టిపడును గాని వేఱొక చిక్కు కలదు. రైతులు మినుముకట్టెను రోడ్డుపై పఱచి, వచ్చిపోవు బండ్లచేతనే నూర్పిడి చేయించుకొందురు. ఆ కట్టె చెయినులో చుట్టుకొన్నచో దిగి కత్తితో కోయవలెను. ఒకచోట మిరపకాయలు, ఒకచోట మొక్కజొన్నలు ఆరబోసియుండును. కాబట్టి గంటకు ముప్పది కిలోమీటర్లకు మించి పోవుటకు వీలుండదు. అదియొక మేలే. ఆ వేగమున బోవువానికి గట్టుమీద బట్టలుదుకు బండ యొకటి తక్కిన బండలవలె లేదని, దాని యంచున నేదో చెక్కియున్నదని కనబడును.

ఊరి మొదట ఇంజను నాపి, బండి నడిపించుకొని పోవుట మంచిది. రచ్చబండమీది పెద్దలు "ఏ ఊరు బాబూ మీది? ఎవరి తాలూకు?" అని యడుగుదురు. ఈ ప్రశ్నకు తిన్నగా సమాధానము చెప్పినగాని రెండవమాట పుట్టదు. మనలో కొందఱికి "ఎవరి తాలూకు" అనుమాట కులమును తెలిసికొనుటకు వేసిన గాలమువలె తోచును; అట్టి సందర్భములును లేకపోలేదు. కాని చాలసార్లు దాని కర్థము, నీ మంచిచెడ్డలకు పూచీపడువా రెవరైన నున్నారా యని మాత్రమే. ఈ పూచీ యడుగుటకు కారణము కలదు. పాతఱాళ్లను గూర్చి విచారించు క్రొత్తమనుష్యుని జూడగానే ఊరివారికి గుప్తనిధుల దొంగ యని సందేహము కలుగును. నిధులున్నవను భ్రమచేత రాత్రివేళ నంది విగ్రహములను పెకలించుట, గర్భగుడి నేలను త్రవ్వుట, శాసనస్తంభములను పడగొట్టుట మన రెండు రాష్ట్రములలోను జరుగుచునే యున్నవి. శాసనమనగా నిధికి దారి చూపు గుప్తలిపి యని నమ్మువా రిప్పటికిని గలరు. ఈ మూఢనమ్మకము చేసిన చెఱుపు తురకదండ్లు చేసినదాని కంటె తక్కువ కాదని నా తలంపు. దానమిచ్చినవాని పేరును, దాని నపహరించినవానికి కలుగు పాపమును తప్ప ఆ ఱాళ్లలో నేమియు లేదని పిల్లలకు బడిలో నొక్కసారి చదివి చూపించినచో నీ పిచ్చి చాలవఱకు కుదురును.

గుంటూరునుండి పొన్నూరు పోవు మార్గమున చేబ్రోలు కలదు. కాకతి గణపతిదేవుని సేనానియు, నృత్తరత్నావళి కర్తయునగు జాయపసేనాని శాసనము 1213 నాటిది యీ యూరనే యున్నది. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కోనేటి నడుమ కట్టించిన చతుర్ముఖబ్రహ్మాలయమును ఇచటనే. అందుచేత చేబ్రోలు పండితుల కెల్లరకు చిరకాలముగా తెలిసిన యూరు. అట్టి యూరిలో, అందఱును చూచిపోయిన గుళ్ల నడుమ, భీమేశ్వరాలయమును బాగుచేయునప్పుడు బయటపడిన యొక స్తంభమును 2019లో శాసనపరిశోధకులు చదివిరి. అది శాతవాహనరాజగు విజయుని 5వ రాజ్యసంవత్సరమున, అనగా క్రీస్తుశకము 207లో, వ్రాయబడిన సంస్కృతశాసనము. దక్షిణదేశమున నింతవఱకు దొరకిన సంస్కృతశాసనములలో కాలము తెలిసినవానిలో మొదటిది. కార్తికుడనువాడు రాజాజ్ఞచే తాంబ్రాపే యను ఊర మాతృదేవత గుడికి దక్షిణపువైపున ప్రాసాదమును మండపమును కట్టించి విగ్రహములను నిలిపినట్లందు చెప్పబడినది. తాంబ్రాపే యనునదే చేబ్రోలు. సప్తమాతృకల యర్చన మన దేశమున నంత ప్రాచీనమని దీనివలన తేలినది. పొన్నూరు బస్సులు రెండు తరములుగా తిరుగుచున్న రోడ్డు ప్రక్కనే యీ స్తంభముండెను.

పొన్నూరు దాటి తూర్పుగా కాలువగట్లపై బోయినచో భట్టిప్రోలు. రేపల్లె రైలుమార్గమున నొక చిన్న స్టేషను. ఇచటి స్తూపము తెలుగుదేశములోని ప్రాచీనస్తూపములలో మేలైనది. అడుగున 148 అడుగుల వ్యాసము గలది. 1892లో అలెగ్జాండరు రే దొర దానిని త్రవ్వించి, మధ్యమున మూడు ఱాతిపేటికలను, వానిలో స్ఫటికపు భరిణెలను, బంగారుపూవులను, బుద్ధధాతువును కనుగొనెను. పేటికలపై శాసనములున్నవి. బ్యూలరు పండితుడు వానిని చదివి ప్రకటించెను. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దియో రెండవ శతాబ్దియో వాని కాలము. ఆ లిపియందొక విశేషము కలదు. అశోకుని బ్రాహ్మిలో హల్లు వ్రాసినచో దానిలో అకార మిమిడియే యుండును. భట్టిప్రోలు లేఖకు లట్లుగాక, అకారమునకు ప్రత్యేకముగా నొక గీత చేర్చిరి. మన తలకట్టు జ్ఞప్తికి వచ్చును గాని, దానికిదియే మూలమని చెప్పుటకు నేను సాహసింపను.

లిపికన్నను ముఖ్యము పేళ్లు. ఒక పేటికను, స్ఫటికపు భరిణెను సిద్ధము చేయించినవారు కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు అని యున్నది. వేఱొక పేటికపై గోష్ఠివారి పేళ్లును, నిగమసభ్యుల పేళ్లును వరుసగా నున్నవి. నిగమమనగా వర్తకుల సంఘము. కుబిరకుడను రాజు పేరును ఉన్నది. ఆయన సింహగోష్ఠికి ముఖ్యుడని చెప్పబడెను. రాజు ముందు, ప్రజలు వెనుక అను వరుస యందు లేదు. ఊరి పెద్దలందఱును చందా వేసికొని చేసిన పనిలో రాజొక పాలివాడు. ఇక నాఱుపలకల స్ఫటికమొకటి దొరకినది. దానిపై సన్నని గీతలతో చెక్కిన మాటలకు, నందపురమునుండి వచ్చిన స్త్రీజనమును, సువణమాహనుండి వచ్చిన శ్రామణేరులును ఇచ్చిన దానమని బ్యూలరు అర్థము చెప్పెను. స్త్రీజనమనుటకు ప్రాకృతమున "మాతుగామ" యను మాట వాడిరి. ఒక యూరి యాడువారు కలసి, తమ పేర, పురుషుని పేరు ముందు పెట్టకయే, దానమిచ్చి వ్రాయించుకొన్న ఱాయి యిది. అమరావతిలో నింతకన్నను స్పష్టముగా, విధికుడను చర్మకారుడు, నాగోపాధ్యాయుని కుమారుడు, తల్లితోను భార్యతోను సోదరులతోను బిడ్డలతోను కలసి పూర్ణఘటశిల్ప మిచ్చినట్లు శాసనమున్నది. తోలుపని చేయువాని తండ్రి ఉపాధ్యాయుడు! ఊరి బావినుండి నీరు తోడుకొనుటకు చర్మకారులు మన తాతల కాలమున నెన్ని పాట్లు పడిరో యెఱిగినవా రీ మాటను రెండుసార్లు చదువవలెను.

ఇప్పుడా స్తూపమునకు ఊరివారు పెట్టిన పేరు చెప్పవలసియున్నది. గృహములలో చదువు పత్రికయందు వ్రాయుటకు సంకోచమే గాని, దాచినచో అసలు సంగతియే పోవును. దానిని లంజదిబ్బ యనిరి. ఘంటసాలలోని స్తూపమునకును ఇదే పేరు. బౌద్ధము నశించి, ఇటుకలగుట్ట యెవరిదో తెలియనప్పుడు, ఇంత పెద్ద కట్టడము కట్టించుటకు ధన మెవరియొద్ద నుండునను ప్రశ్న పుట్టియుండును. రాజు పేరు తెలియదు. కాబట్టి వేశ్య కట్టించినదన్నారు. భిక్షుణులను నిందించుటకు పుట్టిన పేరని మఱికొందఱి యూహ. రెండింటిలో నేది నిజమైనను ఫలమొక్కటే. దిబ్బ లోపల నందపురపు స్త్రీల దానము. దిబ్బ పైన ఆడుదానిపై వేసిన తిట్టు. ఆ పేరుతో పిలుచు దిబ్బను కాపాడవలెనని యెవరికి తోచును?

తోచలేదు. రే దొర రాకమునుపే, 1870 ప్రాంతమునకు స్తూపపు గుమ్మటము చాలవఱకు పోయెను. ప్రభుత్వపు పనులశాఖవారు దాని యిటుకలను తీసికొని భట్టిప్రోలునుండి వెల్లటూరునకు బాట వేసిరి. పాలఱాతి పలకలను వెల్లటూరియొద్ద కాలువ కట్టడమునకు వాడిరి. ఇప్పుడా బాటపై తారు పడినది. మోటారుసైకిలుపై పది నిమిషములు పట్టదు. రెండువేలయేండ్లనాటి యిటుక యడుగున నున్నదని తెలిసి పోవువానికి మాత్రము బండి మెల్లగా నడుపవలెనని తోచును.

ఆ ఇంజనీర్లను దుర్మార్గులని తిట్టి ఊరకుండుట సులభము. నేను తిట్టను. ఈ పల్లపుసీమ 1832, 33 సంవత్సరములలో నందన కరవు ననుభవించినది; దానినే డొక్కల కరవందురు. అప్పటి గుంటూరు మండలమున సుమారు 5 లక్షల జనములో లక్షన్నర మంది చచ్చిరి. 1855లో బెజవాడయొద్ద కృష్ణ ఆనకట్ట ముగిసిన తరువాతనే యీ గట్లవెంబడి నీరు నిలుకడగా పాఱెను. కాలువలకు లాకులు కావలెను, తూములు కావలెను, గట్టిబాటలు కావలెను. ఒండ్రునేలలో ఱాయి దొరకదు. కాల్చిన యిటుక, చెక్కిన పలక కుప్పగా కనబడెను. అన్నము పెట్టు కాలువకు వాడిరి. అయినను త్రవ్వుటకు ముందొక పటము గీయించి, ఏ పలకపై నేమున్నదో వ్రాసికొనుట కెంతకాలము పట్టును? మెకంజీ దొర అంతకు ఏబది యేండ్ల ముందే అమరావతిలో ఆ పని చేసి చూపెను. ఖర్చు లెక్కలు పైసతో సహా వ్రాసిన శాఖ పలకల లెక్క వ్రాయలేదు. ఆ పాలఱాళ్లమీద ఎందఱి పేళ్లుండెనో, ఎందఱు స్త్రీలో, ఎందఱు చర్మకారులో, కాలువలో పోయిరి.

వెల్లటూరునుండి రేపల్లె మీదుగా బాపట్లకు 216వ జాతీయరహదారి కలదు. ఆ దారిని చెప్పదగిన దేమియు లేదు; లారీలకు దారి యిచ్చుకొనుటతోడనే ప్రొద్దుపోవును. చీరాల దాటినపిమ్మట వేటపాలెమున దిగి, 1918లో స్థాపింపబడిన సారస్వతనికేతనమను గ్రంథాలయమును చూచి పోవలెను. 1929లో గాంధీమహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపనము చేసెను. వేఱొకచోట దొరకని పాతపత్రికల సంపుటము లీ చేనేతవారి యూరిలో నున్నవి. అచటినుండి దక్షిణముగా ఇసుకదారి. తాళ్లు, సరుగుడుతోటలు, చినగంజాము వైపున ఉప్పుమళ్లు. ఇసుకలో ముందుచక్రము ప్రక్కకు లాగును. వేగము తగ్గింపక, చేతులు బిగింపక పోవలెను. ఆ చివర మోటుపల్లి. 1970లో ప్రకాశము జిల్లా యేర్పడినప్పుడు గుంటూరునుండి విడిపోయిన యీ యూరు, 2022లో బాపట్ల జిల్లా పుట్టుటచే మరల భట్టిప్రోలుతో నొక్క జిల్లాలో చేరినది.

ఈ పల్లెను జూచి, కాకతీయుల ముఖ్యమైన రేవిదియని యెవరును నమ్మరు. నమ్మించునది వీరభద్రాలయములోని స్తంభము. గణపతిదేవుడు 1244లో వ్రాయించిన యభయశాసనము దానిపై నున్నది. అందలి మాట సూటిగా నున్నది. తుపానుచేత దారి తప్పి, పగిలి, పరతీరమున పడిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సర్వమును పూర్వపు రాజులు బలవంతముగా హరించుచుండిరి. మేము ప్రాణములకన్న ధనము గొప్పదని తలచి సాహసించి సముద్రము దాటివచ్చు వర్తకులయందలి దయచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును, నిర్ణీతమైన సుంకము తప్ప తక్కినదంతయు విడిచితిమి అని. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొక పాలు. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, సీసము, పట్టునూలు, మిరియాలు, పోకలు మొదలగువానికి వేర్వేఱు లెక్కలు క్రింద వ్రాయబడినవి. దయ యను మాటతో మొదలై వక్కల లెక్కతో ముగియు నీ శాసనము నాకు మిక్కిలి యిష్టము. తన ముందటివారు చేసిన దోపిడిని దోపిడి యని ఱాతిమీద వ్రాయించిన రాజులు తక్కువ.

కాకతీయులు పోయినపిమ్మట 1358లో కొండవీటి అనపోతరెడ్డి యిచటనే మఱియొక శాసనమును వేయించెను. మోటుపల్లికి వచ్చి కాపురముండు వర్తకులకు భూమి యిత్తుము, వారు పోదలచినప్పు డడ్డుపెట్టము, సుంకములు తగ్గింతుము, అపుత్రికదండము గైకొనము అని దానిలోని యభయము. మగబిడ్డ లేక చచ్చినవాని యాస్తిని దొరతనము తీసికొనుట అపుత్రికదండము. ఆ దండము క్రింద పోవునది యెవరి కూడు? చచ్చినవాని భార్యది, కూతుండ్రది. అనపోతరెడ్డి స్త్రీలయందు కనికరముచే దాని నెత్తివేసెనని నే ననను; రేవునకు వర్తకులు కావలెను, అందుకై యెత్తివేసెను. అయినను వ్యాపారమునకై యొక రేవులో నొప్పుకొన్న న్యాయమును, ధర్మము పేర మన శాస్త్రులు ఆఱువందల యేండ్లు ఇండ్లలో నొప్పుకొనలేదు. హిందూవిధవకు భర్తయాస్తిలో పాలు 1937 చట్టమువలన గదా వచ్చెను. ఆంధ్రప్రదేశమున కూతునకు కొడుకుతో సమానమైన హక్కు 1986 నాటి సవరణవలన వచ్చెను.

ఈ రేవును గూర్చియే మార్కోపోలో "ముత్ఫిలి" యని వ్రాసెను. సాలెగూటివలె సన్నని బట్టలు, వజ్రములు, వివేకవతియై న్యాయము తప్పక యేలిన రాణి – ఇవి యతని వర్ణనలోని ముఖ్యాంశములు. ఆ రాణి రుద్రమదేవి. ఆమె రాజుభార్య, భర్త చనిపోగా ఏలినదని యతడు వ్రాసినది పొరపాటు. ఆమె గణపతిదేవుని కూతురు. కూతురు రాజ్యమేలుట పరదేశికి నమ్మశక్యము గాకపోయెను గాబోలు. ఆమె 1295 వఱకు జీవించెనని చిరకాలము మన పుస్తకములలో నుండెను. నల్లగొండ జిల్లా చందుపట్ల యను పల్లెలో నొక సేవకుడు వేయించిన శాసనము దానిని సవరించినది. 1289 నవంబరు నాటి యా ఱాతిపై, రుద్రమదేవియు ఆమె సేనాని మల్లికార్జుననాయకుడును శివలోకమునకు పోయిరనియు, వారికి పుణ్యముగా పువ్వుల ముమ్మడి యనువాడు సోమనాథదేవునికి భూమి యిచ్చెననియు నున్నది. మహారాణి మరణమును దేశమునకు తెలిపినది ఆస్థానకవి కాదు, ఒక కొలువుకాడు. చందుపట్లకును పెద్దబాట లేదు.

ఇట్టి ఱాళ్లకు నేడు పొంచియున్న గండము పనులశాఖ యిటుకల వేటవంటిదే, రూపము వేఱు. ఊరూర సిమెంటువీధులు వేయుచున్నారు. అవి కావలసినవే, బురదలో బడికి పోవు బిడ్డల నడిగిన తెలియును. కాని రోడ్డు వేసిన ప్రతిసారియు వీధిమట్ట మొక జానెడు పెరుగును. గుడి ముందటి శాసనపు ఱాయి మొదట మోకాలివఱకు, పిమ్మట సగమువఱకు పూడి, తుదకు గుత్తదారు దానిని గోడకు దాపుగా పెట్టి సున్నము కొట్టించును. రంగు పూసిన యక్షరములు రెండేండ్లలో చదువుటకు రావు. రోడ్డు వేయుటకు ముందటి వారములో ఊరిబడి పంతులుగారును పిల్లలును ఆ ఱాతిని కడిగి యొక ఛాయాచిత్రము తీసి యుంచినను చాలును.

చిత్రము తీయుటకును ఒక పద్ధతి కలదు. మిట్టమధ్యాహ్నపు టెండలో అక్షరము కనబడదు. ప్రొద్దున ఎనిమిదింటిలోపల, లేదా సాయంకాలము ఐదింటి తరువాత, ఎండ ఏటవాలుగా పడునప్పుడు గంటులలో నీడ నిలిచి ప్రతి గీతయు తేలును. మండపములోని స్తంభమునకు ఎండ తగులదు గనుక చేతిదీపమును ఎదుటనుండి గాక ప్రక్కనుండి, ఱాతికి దాదాపు ఆనించి పట్టవలెను. సుద్దతో అక్షరములను దిద్దరాదు. దిద్దినవాడు తాను చదివినదానినే దిద్దును. మోటుపల్లి స్తంభము చూడదలచినవారు రాత్రి చీరాలలో నిలిచి, కోడికూతతో బయలుదేరి, ఇసుక చల్లగా గట్టిగా నున్నప్పుడే దాటుట మంచిది.